80 దాటితే అదిరే కారు: వినియోగదారుల కమిషన్‌లో ఏమి అడగవచ్చు?

ప్రశ్న: మాది అనంతపురం. 14 నెలల క్రితం బెంగళూరులోని ఒక షోరూమ్‌లో 18 లక్షల రూపాయలు చెల్లించి, కుటుంబం కోసం ఏడు సీట్ల డీజిల్ ఎస్‌యూవీ కొన్నాను. నెల తిరగకుండానే, హైవే మీద 80 దాటి యాక్సిలరేటర్ తొక్కితే ఫ్లోరు, సీట్లు అదరడం మొదలైంది. మొదటి సర్వీసులోనే చెప్పాను. ఇక్కడి సర్వీస్ సెంటర్ వారు వీల్ బ్యాలెన్సింగ్ చేశారు, ఇంజన్ మౌంటులు మార్చారు, ఇంజన్ శక్తిని చక్రాల వైపు చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ కూడా మార్చారు. అయినా తగ్గలేదు. ఇప్పుడు ‘ఈ మోడల్ అంతే సార్’ అంటున్నారు. మధ్యలో నేను బయట పెద్ద అల్లాయ్ వీల్స్ వేయించుకోవడాన్ని కూడా సాకుగా చూపుతున్నారు. కొత్త బండి గానీ, డబ్బు గానీ వస్తుందా? కేసు బెంగళూరులోనే వేయాలా? చీటింగ్ కేసు పెట్టవచ్చా? వారంటీ మూడేళ్లు ఉంది కాబట్టి తొందరేమీ లేదనుకుంటున్నాను.
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: ముందుగా మీ చివరి వాక్యం గురించి చెప్పాలి, ఎందుకంటే మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది అదొక్కటే. వారంటీ గడువు వేరు, కేసు వేయడానికి చట్టం ఇచ్చిన గడువు వేరు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 69వ సెక్షన్ ప్రకారం వివాదానికి కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు దాఖలు చేయాలి. సర్వీసుకు వెళ్లిన ప్రతిసారీ గడువు మళ్లీ మొదలవుతుందని వాదించే వీలు ఉన్నా, ఆ వాదన మీద ఆధారపడకుండా, అదురు గురించి మొదటిసారి రాయించిన జాబ్ కార్డు (బండిని సర్వీసుకు ఇచ్చేటప్పుడు మన ఫిర్యాదులు రాసే కాగితం) తేదీ నుంచే రెండేళ్లు లెక్కపెట్టుకోవడం క్షేమం. ఆ లెక్కన మీకు ఇంకా 11 నెలలు ఉండవచ్చు. ఆలస్యానికి తగిన కారణం చూపితే మన్నించే అధికారం కమిషన్‌కు ఉన్నా, మూడేళ్ల వారంటీ ఉందనుకున్నానన్న మాటను తగిన కారణంగా ఒప్పించడం కష్టం.

బెంగళూరుకు వెళ్లవలసిన అవసరం లేదు. ఫిర్యాదుదారు నివసించే చోటనే కేసు వేసుకునే హక్కును ఈ చట్టంలోని 34వ సెక్షన్ ఇచ్చింది. చెల్లించిన మొత్తం 50 లక్షలు మించనంత వరకు జిల్లా కమిషన్‌కే అధికారం ఉంటుంది కాబట్టి, మీ ఫిర్యాదును అనంతపురంలోని జిల్లా వినియోగదారుల కమిషన్ విచారించగలదు. 10 నుంచి 20 లక్షల మధ్య విలువకు ఫీజు 400 రూపాయలు. షోరూమ్ ఇన్వాయిస్ వెనుక చిన్న అక్షరాలతో ‘వివాదాలన్నీ బెంగళూరు కోర్టుల పరిధిలోనే’ అని ఉన్నా, చట్టం ఇచ్చిన ఆ హక్కు ఆ ఒక్క ముక్కతో పోదు.

ఇక అసలు చిక్కు లోపాన్ని రుజువు చేయడంలో ఉంది. నాణ్యతలోనో, ఒప్పందం ప్రకారం ఉండవలసిన ప్రమాణంలోనో ఉన్న ఏ కొరతనైనా లోపంగానే చట్టం నిర్వచించింది గనుక, ‘ఈ మోడల్ అంతే’ అన్న జవాబుతో కంపెనీ బాధ్యత తీరదు. అయితే బండి మొత్తం మార్చమని అడిగినప్పుడు, అది తయారీలోనే ఉన్న లోపమనీ, విడిభాగం మార్చినా పోనిదనీ నిపుణుల ఆధారంతో చూపించమని కమిషన్లు అడుగుతాయి. 2006లో మారుతీ ఉద్యోగ్ ఒక పక్షంగా ఉన్న క్లచ్ వివాదంలో సుప్రీంకోర్టు, వారంటీ షరతుల ప్రకారం కంపెనీ బాధ్యత లోపమున్న భాగాన్ని మార్చడం వరకేనని చెప్పి, బండినే మార్చమన్న ఆదేశాన్ని పక్కన పెట్టింది. ఎదుటి పక్షం న్యాయవాది మొదట చూపేది ఈ తీర్పునే. అందువల్ల ఫిర్యాదులో కొత్త బండి ఒక్కటే అడిగి ఊరుకోకూడదు. బండి మార్పిడి, అది కాకుంటే ధర వాపసు, అదీ కాకుంటే లోపం పూర్తిగా పోయేలా ఉచిత మరమ్మతుతో పాటు వారంటీ పొడిగింపు అని వరుసగా కోరి, వీటన్నిటికీ అదనంగా పరిహారం, ఖర్చులు అడగాలి. మీరు ఇంతకాలం బండి నడిపారు కాబట్టి, ధర వాపసు ఇచ్చినా వాడకం కింద కొంత తగ్గించే అవకాశం ఉందని ముందే మనసుకు చెప్పుకోండి.

ఆధారాల్లో మీకు అన్నిటికన్నా బలమైనది మొదటి సర్వీసు జాబ్ కార్డు. అల్లాయ్ వీల్స్ వేయించుకోకముందే అదురు ఉందని ఆ కాగితం చెబుతున్నట్లయితే, కంపెనీ వాదనలో సగం అక్కడే కూలిపోతుంది. మిగతా సగం కోసం, కంపెనీ ఇచ్చిన పాత చక్రాలు మీ దగ్గరే ఉంటే వాటిని తిరిగి బిగించి, బ్యాలెన్సింగ్ చేయించి, ఆ తరువాత బండిని మళ్లీ సర్వీస్ సెంటర్‌కు ఇవ్వండి. చక్రాలు మార్చిన విషయాన్ని ఫిర్యాదులో దాచవద్దు. మనం దాచినది ఎదుటివారు బయటపెడితే మిగతా నిజాలకు కూడా విలువ పోతుంది.

సర్వీస్ అడ్వైజర్లు ‘జనరల్ చెకప్’ అని రాసుకుని సంతకం అడగడం అలవాటు. సంతకం చేయడానికి ముందు, ఎంత వేగంలో, ఏ గేరులో, యాక్సిలరేటర్ తొక్కినప్పుడా వదిలినప్పుడా, అదురు స్టీరింగ్‌లోనా ఫ్లోరులోనా అన్నది మీ మాటల్లోనే రాయించండి. చక్రాల అదురు ఎక్కువగా స్టీరింగ్‌లో తెలుస్తుందనీ, యాక్సిలరేటర్‌ను బట్టి పెరిగి తగ్గే ఫ్లోరు అదురుకు షాఫ్టులు, జాయింట్లు, మౌంటుల వైపు చూడాలనీ మెకానిక్‌లు చెబుతారు. ఆ తేడా కాగితం మీద ఉండటం మీకు ముఖ్యం. టెస్ట్ డ్రైవ్ క్లాక్ టవర్ దాకా వెళ్లి రావడంతో ముగిస్తే ‘లోపం కనిపించలేదు’ అనే రాస్తారు. 44వ నంబరు జాతీయ రహదారి మీద, మీరు పక్కన కూర్చుని ఉండగా నడిపించి, ఫలితం రాయమని పట్టుబట్టండి. రాయనంటే అదే రోజు ఈమెయిల్ పంపండి. నమ్మకమైన బయటి మెకానిక్ అభిప్రాయం తీసుకోవచ్చు గానీ, గేర్‌బాక్స్‌ను గానీ, చక్రాలకు శక్తిని పంచే డిఫరెన్షియల్‌ను గానీ బయట విప్పించారంటే వారంటీని మీ చేతులతో మీరే వదులుకున్నట్టవుతుంది.

తరువాత షోరూమ్‌కు, ఇక్కడి సర్వీస్ సెంటర్‌కు, తయారీ కంపెనీకి 15 రోజుల గడువుతో నోటీసు పంపండి. నోటీసు తప్పనిసరి అని చట్టం చెప్పకపోయినా, ఒకరు మరొకరి మీదికి నెట్టుకుంటూ ఇచ్చే జవాబులు మనకే ఉపయోగపడతాయి. ఫిర్యాదులో ముగ్గురినీ పక్షాలుగా చేర్చాలి. ఫిర్యాదుతో పాటే, 38వ సెక్షన్ కింద బండిని నిపుణుల పరీక్షకు పంపమని వేరుగా దరఖాస్తు పెట్టండి. అనంతపురం జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కళాశాల మెకానికల్ విభాగం అధ్యాపకులను గానీ, మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్‌ను గానీ నియమించమని కోరవచ్చు. పరీక్ష ఖర్చు మొదట మీరే జమ చేయవలసి వస్తుంది. పరీక్ష అవసరమైన కేసును 5 నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం చెబుతోంది. ఆచరణలో అంతకన్నా ఎక్కువే పట్టవచ్చు.

కొత్త చట్టంలోని ‘ఉత్పత్తి బాధ్యత’ అధ్యాయం కింద కేసు వేయమని మీకు ఎవరైనా సలహా ఇస్తే ఒప్పుకోవద్దు. ఆ అధ్యాయం వస్తువు వల్ల మనిషికి గానీ, ఇతర ఆస్తికి గానీ కలిగిన హాని కోసం ఉద్దేశించినది. వస్తువుకే జరిగిన నష్టాన్ని హాని నిర్వచనం నుంచి మినహాయించారు. చీటింగ్ కేసు మాట కూడా మరచిపోండి. అమ్మేనాటికే మోసం చేయాలన్న ఉద్దేశం ఉందని చూపాలి, మీ దగ్గర అలాంటి ఆధారమేదీ కనిపించడం లేదు.

బండి అప్పు మీద కొన్నదైతే, కోపంతో కంతులు మాత్రం ఆపవద్దు. బ్యాంకుతో ఉన్న ఒప్పందానికీ ఈ వివాదానికీ సంబంధం లేదు, కేసు నడుస్తుండగా బండి జప్తయితే పరీక్షకు పెట్టడానికి మీ దగ్గర బండే ఉండదు.