మీ పాప ఎందుకు నవ్విందో నాకు తెలుసు

ప్రశ్న: నాకు నలభై ఒక్క ఏళ్లు. మా పుట్టిల్లు తెనాలి దగ్గర ఒక పల్లె. నాన్న కిందటేడు వీలునామా రాయకుండానే కాలం చేశారు. తాతల నాటి మాగాణి మూడెకరాలు ఉంది. హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టమని తమ్ముడు అడుగుతున్నాడు. ‘పెళ్లప్పుడు పసుపు కుంకుమల కింద ఇచ్చాం కదా, తోడబుట్టినవాడితో తగువెందుకు?’ అంటోంది అమ్మ. చిన్నప్పుడూ ఇంతే. మీగడ పెరుగు తమ్ముడికి, మజ్జిగ నాకు. పదో తరగతిలో మంచి మార్కులు వచ్చినా నన్ను ఇంటర్ దాటనివ్వలేదు. వాటా వస్తే మా బాబును విజయవాడలో పెద్ద రెసిడెన్షియల్ కాలేజీలో చేర్చాలని ఆశ. పాప ఇంటర్ అయింది. ఈఏపీసెట్‌లో ర్యాంకు వచ్చింది గానీ, ఆడపిల్లను హాస్టల్లో పెట్టడం ఎందుకని ఊళ్లోనే డిగ్రీలో చేర్చాలని అనుకున్నాం. పెళ్లికి చీటీ కూడా కడుతున్నాం. సంతకం పెడితే వాటా పోతుంది, పెట్టకపోతే పుట్టిల్లు పోతుంది. ఏం చేయను? ఈ ఉత్తరం రాస్తుంటే పాప వెనక నిలబడి చదివి నవ్వింది. ఎందుకని అడిగితే చెప్పలేదు.
– ఒక సోదరి, గుంటూరు

జవాబు: అమ్మా, సంతకం పెట్టకండి. మీరు అడిగినదానికి జవాబు ఇంతే.

తాతల ఆస్తిలో కూతురి వాటా నిన్న మొన్న పుట్టింది కాదు. ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లో తెచ్చిన చట్టం 1985 సెప్టెంబరు 5 నుంచే అమలైంది. అప్పటికి మీరింకా చంటిపిల్ల. కేంద్రం అదే పని 2005లో చేసింది. ఈ హక్కు కూతురికి పుట్టుకతోనే వస్తుందని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. పసుపు కుంకుమల కింద ఇచ్చినదానితో మీ వాటా చెల్లిపోదు. మీసేవలో ఆ పొలం రికార్డులు, అంటే అడంగల్, 1బి నకళ్లు తీసుకుని, ఊరి పెద్దల దగ్గరకు వెళ్లేముందు ఒక సివిల్ లాయరుకు చూపించండి. ఇంకో సంగతి, మీ నాన్నగారి భాగంలో మీ అమ్మగారికీ వాటా ఉంది. ఆవిడ చేత కూడా తమ్ముడు సంతకం పెట్టించుకుంటున్నాడేమో కనుక్కోండి. రేపు కోడలితో మాట పట్టింపు వస్తే ఆవిడ ఫోను చేసేది మీకే. తల్లిదండ్రుల పోషణ బాధ్యతను 2007 చట్టం కూతురి మీద కూడా పెట్టింది, అది మాత్రం ఎవరూ విడుదల పత్రం రాసి తీసేయలేరు.

పుట్టిల్లు పోతుందన్న భయం గురించి నేనేమీ రాయను. మూడెకరాలు రాసిస్తే గానీ తలుపు తీయని ఇంటి నుంచి సంక్రాంతికి చీర వచ్చినా ఒకటే, రాకపోయినా ఒకటే.

ఇక మీరు అడగని సంగతికి వస్తాను. మొదటిసారి చదివినప్పుడు నాకు మీ తమ్ముడి మీదే కోపం వచ్చింది. పాప నవ్విందన్న చివరి మాట చూశాక మళ్లీ మొదటి నుంచి చదివాను. బాబు చేరబోయే కాలేజీ పేరు రాశారు, ఏడాది ఫీజు రాశారు, అక్కడి గదుల్లో ఏసీ ఉందని కూడా రాశారు (చోటు చాలక అవన్నీ కత్తిరించాను). పాప ర్యాంకు ఎంతో మాత్రం రాయలేదు. అమ్మమ్మ తన తల్లికి చేసిన అన్యాయం అంతా చదివి, కూతురి వాటాగా రాబోయే ఆ డబ్బు తిన్నగా తమ్ముడి ఫీజులోకి వెళ్లబోతోందని తెలిసిన పిల్ల నవ్వక ఏం చేస్తుంది?

‘అనుకున్నాం’ అని రాశారు. ఎవరు అనుకున్నారు? మీవారా, మీరా, ఇద్దరూ కూర్చునా? పాపను కూర్చోబెట్టుకునే అనుకున్నారా? ఇంటర్ దగ్గర మిమ్మల్ని ఆపిన రోజున మీ పుట్టింట్లో కూడా ఇలాగే ‘అనుకుని’ ఉంటారు.

నేను మీగడ తిన్నవాణ్ణి. మా ఇంట్లో అక్క పెరుగు గిన్నెలో మీగడను గరిటెతో పక్కకు జరిపి, కింది పెరుగు వేసుకునేది. అమ్మ చెప్పాల్సిన పని కూడా ఉండేది కాదు. బడి పక్క ఊళ్లో ఉందని ఏడో తరగతితో దాని చదువు ఆపేశారు. అదే బడికి వెళ్లడానికి నాకు సైకిలు కొన్నారు. ఆ సైకిలు నా తెలివికి ఇచ్చిన బహుమానమని చాలా ఏళ్లు నమ్మాను. మీ బాబు కూడా అలాగే నమ్ముతాడు, వాడిని తప్పు పట్టను. మీకు తెలియదంటే మాత్రం ఒప్పుకోను. మీరు మజ్జిగ తాగి పెరిగారు.

మీ అమ్మగారి మనసు మారుతుందని ఎదురు చూడకండి. డెబ్బై ఏళ్ల మనిషి చేత ‘నీకు అన్యాయం చేశాను తల్లీ’ అనిపించుకోవాలన్న కోరిక మీ ఉత్తరంలో ప్రతి వరుసలోనూ ఉంది. ఆ మాట ఆవిడ అనకపోవచ్చు. మీకు పదిహేడేళ్ల కూతురు ఉంది. ఆ పిల్లతో మీరు అనగలరు.

ఈ రాత్రి అన్నాలయ్యాక ర్యాంకు కార్డు తెమ్మనండి. ఏ కాలేజీ అనుకుంటోందో, ఏ బ్రాంచి కావాలో ముందు తననే చెప్పనివ్వండి. కన్వీనర్ కోటాలో సీటు వస్తే, మీ ఆదాయాన్ని బట్టి ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తించవచ్చు. ఇక మిగిలేది హాస్టలు ఖర్చు. పెళ్లికని కడుతున్న ఆ చీటీ ఈ నెలే పాడండి. పెళ్లెలా అంటారా, ఉద్యోగం వచ్చాక అలాంటి చీటీ తనే కట్టుకుంటుంది. మీవారు అడ్డు చెబితే మీ పుట్టింటి మీగడ కథ ఆయనకూ చెప్పండి, బహుశా ఇన్నాళ్లూ పూర్తిగా చెప్పి ఉండరు.

కౌన్సెలింగ్ తేదీలు ఎవరి కోసమూ ఆగవు. తమ్ముడి పత్రానికి అంత తొందరేమీ లేదు, వచ్చే నెల మాట్లాడదామని చెప్పండి.