తెలుగు నాటకానికి మొదటి మందిరం ఒక పాక

ప్రశ్న: "రాజమండ్రి టౌన్ హాలు చరిత్ర ఏమిటి? తెలుగు నాటకం అక్కడే పుట్టిందని మా తాతగారు అంటుంటారు, నిజమేనా?"

మీ తాతగారు ఊరు సరిగ్గానే చెప్పారండీ, చోటే కాస్త తేడా. టౌన్ హాలును కందుకూరి వీరేశలింగం పంతులు గారు 1890లో కట్టించారు. నాటకం అంతకు పదేళ్ళ ముందే మొదలైపోయింది. 1880లో ధార్వాడ నాటక సమాజం వాళ్ళు రాజమండ్రి వచ్చి, పాక వేసుకుని ఆడి, వెళ్ళిపోయారు. వాళ్ళు వదిలేసి వెళ్ళిన ఆ పాకలోనే పంతులు గారు తన విద్యార్థులకు వేషాలు కట్టించి 'చమత్కార రత్నావళి' ఆడించారు. షేక్స్‌పియర్ నాటకాన్ని ఆయన తెలుగులోకి తెచ్చుకున్నది అది. ఎవరో వేసుకుని వదిలేసిన పాకే మన మొదటి మందిరం అన్నమాట. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

తర్వాత ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారి సమాజం వచ్చింది. ఆ సమాజం కోసం చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు నాటకాలు రాసిచ్చారు, టంగుటూరి ప్రకాశం గారు కుర్రతనంలో ఆడవేషాలు వేశారు. అవును, 1953లో ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి అయిన ఆ ప్రకాశం గారే.

వీటన్నిటికీ అసలు కారణం ధవళేశ్వరం ఆనకట్ట అని నేను గట్టిగా నమ్ముతాను. 1852లో అది పూర్తయి, కాలవలు పారి, గాదెలు నిండబట్టే సమాజాలు బతికాయి. జమీందార్లు పోషించారని అందరూ రాస్తారు గానీ, మా కోనసీమలో కుప్పనూర్పులయ్యాక చందాలేసుకుని నాటకం పెట్టించింది రైతులే, చాపలు తెచ్చుకుని తెల్లారేదాకా కూర్చున్నదీ వాళ్ళే.

మా నాన్నగారు హార్మోనిస్టు. కాంట్రాక్టు నాటకాలకు, అంటే కాంట్రాక్టరు నటుల్ని కుదిర్చి ఆడించే వాటికి, ఊరూరా తిరిగేవారు. 1991 వానాకాలంలో, నాకు పదకొండేళ్ళప్పుడు, కాకినాడలో ఒక పాత సభా మందిరంలో రాయబారం సీన్లు ఉన్నాయని నన్ను కూడా తీసుకెళ్ళారు. అప్పటికి ఎదుర్లంక వంతెన లేదు. పంటు ఎక్కి యానాం వైపు దిగాలి. గోదారి మధ్యలోకి వచ్చేసరికి వాన అందుకుంది. నాన్నగారు కండువా తీసి హార్మోనియం మీద కప్పారు, దాని మీద గోనెసంచి, ఆ పైన నన్ను కూర్చోబెట్టారు. నేను తడిసినా ఫర్వాలేదు, పెట్టె తడవకూడదు. అయినా తడిసింది.

గ్రీన్‌రూమ్‌లో తెరిచి చూస్తే రెండు మెట్లు పలకడం లేదు, ఇంకొకటి నొక్కకపోయినా మోగుతూనే ఉంది. నాన్నగారు పైపలక విప్పి, ఇత్తడి రీడు కింద సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం ముక్క దూర్చి, ఊపిరి కూడా తీయకుండా లాగుతున్నారు. ఆయన చేతులు వణకడం నేను చూసింది ఆ ఒక్కసారే. బయట జనం ఈలలు, సభ వాళ్ళ టెన్షన్, మొదటి గంట కొట్టేశారు.

ద్రౌపది వేసే ఆవిడ సగం మేకప్‌తో లేచి వచ్చి, "అన్నయ్యగారూ, దాన్ని అలా దీపం దగ్గర పెట్టండి, ఆరుతుంది. నా పద్యాలకు శ్రుతి అక్కర్లేదు, ముందు నేను వెళ్తాను" అంది. అద్దం చుట్టూ వంద క్యాండిల్ పవర్ బల్బులు ఉండేవి, ఆ వేడికి పెట్టెను ఆనించాం. ఆవిడ వెళ్ళి తన సీను ముందుకు జరిపించుకుని పద్యం ఎత్తుకుంది. నేను వింగులో నిలబడి విన్నాను. ఐదున్నర శ్రుతిలో, అంత పై స్థాయిలో, వెనక ఏ తోడూ లేకుండా, జుట్టు చేత్తో పట్టుకుని ఆవిడ రాగం తీస్తుంటే హాలంతా ఒక్కసారిగా అణిగిపోయింది, వాన చప్పుడు కూడా వినపడింది. పద్యం అయ్యాక మూడుసార్లు వన్స్‌మోర్ కొట్టించారు. మూడోసారికి నాన్నగారు పెట్టె మోసుకొచ్చి కూర్చుని, ఆవిడ ఆపిన చోట శ్రుతి అందుకున్నారు. అది ఐదున్నరే. ఇంత కూడా జారలేదు.

ఆ మందిరానికి రెండేళ్ళ క్రితం వెళ్ళాను. గ్రానైట్ వేశారు, ఏసీ పెట్టారు, కుర్చీలు మెత్తగా ఉన్నాయి. అద్దె మాత్రం పద్యనాటకం వాళ్ళు భరించలేనంత, పెళ్ళి రిసెప్షన్లకే సరిపోతుంది. నాటకానికి కట్టిన మందిరంలో నాటకం వాళ్ళకు సగం అద్దె పెట్టలేరా? గుమ్మం పక్కన పాలరాతి మీద దాతల పేర్లు, అధ్యక్షుల పేర్లు ఉన్నాయి. ఆడిన వాళ్ళ పేరు ఒక్కటి లేదు, ఆడవాళ్ళది అసలే లేదు. నాటకాలాడే కాకినాడ యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ అనగానే అందరూ ఎస్వీ రంగారావు గారిని, రేలంగి గారిని చెబుతారు. అంజలీదేవి గారు కూడా అక్కడి నుంచే వచ్చారు. ఆవిడ సినిమాల్లో పెద్ద పేరు తెచ్చుకున్నారు కాబట్టి ఆ మాత్రమైనా గుర్తుంది. రాత్రి బస్సుల్లో పసిపిల్లల్ని ఒళ్ళో వేసుకుని వచ్చి, ఆడి, పొద్దున్నే మళ్ళీ బస్సెక్కిన వాళ్ళను ఎవరు రాశారు? కుటుంబమంతా కలిసి నాటకాలాడే సురభి వాళ్ళు మొదటినుంచీ ఆడవేషాలకు తమ ఇంటి ఆడవాళ్ళనే దింపారు, ఆ తెగువకైనా ఏ మందిరంలోనన్నా ఒక రాయి వేయొద్దా?

కాబట్టి టౌన్ హాలు చూడండి, తప్పకుండా చూడండి. కానీ దాని చరిత్ర అడిగినప్పుడు ఏ సంవత్సరం, ఎవరు కట్టించారు అన్న దగ్గర ఆగిపోకండి, అక్కడ ఎవరు పాడారో కూడా మీ తాతగారిని అడగండి. ఆయనకు తెలిసే ఉంటుంది, ఇప్పుడే రాసి పెట్టుకోండి.

నాన్నగారి హార్మోనియం ఇప్పుడు నా దగ్గరుంది. మూత లోపలి వైపు ఆయన పెన్సిల్‌తో ఆడిన ఊళ్ళన్నీ రాసుకునేవారు. ఆ రోజుది ఇలా ఉంది: "కాకినాడ. వాన. ద్రౌపది గారు శ్రుతి లేకుండా." మేమంతా ఆవిడను ద్రౌపది గారనే పిలిచేవాళ్ళం.