గేమ్ షో యాంకరింగ్ తర్వాత డబ్బింగ్, నటన: గాజువాక తండ్రికి జవాబు

ప్రశ్న: మా అమ్మాయి బీకాం ఆఖరి సంవత్సరం చదువుతోంది. రెండేళ్లుగా లోకల్ కేబుల్ ఛానల్లో ఆడవాళ్ల గేమ్ షోకి యాంకరింగ్ చేస్తోంది. పండగలప్పుడు అపార్ట్‌మెంట్లలో తంబోలా ఆడించడం, షాపుల ఓపెనింగులకు మైకు పట్టుకోవడం కూడా ఉన్నాయి. ఇప్పుడు డబ్బింగ్, వాయిస్ ఓవర్, నటన వైపు వెళ్తానంటోంది. గేమ్ షోలు చేసినవాళ్లకు బయట పని దొరుకుతుందా? మా ఇంట్లో మాట్లాడేది మన ఉత్తరాంధ్ర యాస, అది అడ్డమవుతుందా? హైదరాబాద్ పంపాలా? డిగ్రీ అయ్యాక బ్యాంకు పరీక్షలు రాయించాలని మా ఆలోచన.
ఒక తండ్రి, గాజువాక, విశాఖపట్నం

జవాబు: నమస్కారమండీ. కూతురు ఇలాంటి మాట అనగానే చాలా ఇళ్లలో గొడవతోనే మొదలవుతుంది. మీరు ముందు కనుక్కుందామనుకున్నారు, చాలా సంతోషం. పని దొరుకుతుంది. అయితే గేమ్ షోలో ఆమెకు చప్పట్లు తెచ్చిపెట్టిన ఆ ఊపునే డబ్బింగ్ స్టూడియోకి తీసుకెళ్తే మొదటి ఆడిషన్ దగ్గరే ఆగిపోతుంది. మీ అమ్మాయి ముందుగా అర్థం చేసుకోవాల్సింది ఇదే.

ఈ దారిలో నడిచినవాళ్లు ఎప్పటినుంచో ఉన్నారు. టీవీ గేమ్ షోలకు పుట్టినిల్లులాంటి అమెరికానే చూడండి. డాన్ పార్డో అనే అనౌన్సర్ 1964లో మొదలైన 'జెపర్డీ' క్విజ్ షోకి 1975 దాకా గొంతు ఇచ్చాడు. 1963 నవంబర్ 22న అధ్యక్షుడు కెన్నడీ మీద కాల్పులు జరిగాయన్న వార్తను ఎన్‌బీసీ టీవీలో మొదట చదివిన గొంతు కూడా ఆయనదే. 1975లో 'సాటర్డే నైట్ లైవ్' అనే హాస్య కార్యక్రమం మొదలైనప్పుడు అందులో నటుల పేర్లు ప్రకటించే పని ఆయనకు వచ్చింది. మధ్యలో ఒక్క సీజన్ తప్ప, 2014లో 96 ఏళ్ల వయసులో చనిపోయేదాకా ఆ పనిలోనే ఉన్నాడు. రాడ్ రాడీ కథ మీ అమ్మాయికి ఇంకా దగ్గరగా ఉంటుంది. 'ది ప్రైస్ ఈజ్ రైట్' షోలో పోటీదారులను కేకలు పెట్టి స్టేజి మీదకు పిలిచే గొంతుగా ఆయన్ని జనం గుర్తుపెట్టుకున్నారు. కానీ అంతకుముందే, 1977 నుంచి 1981 దాకా, 'సోప్' అనే కామెడీ సీరియల్లో జరిగిన కథను వారం వారం గుర్తుచేసే గొంతు ఆయనదే. చిక్కుముడులతో నిండిన ఆ కథను ఆయన ఎక్కడా నవ్వకుండా, చాలా గంభీరంగా చెప్పేవాడు. అందుకే చూసేవాళ్లకు నవ్వొచ్చేది. ఊపు ఎక్కడ పెంచాలో, ఎక్కడ పూర్తిగా వదిలేయాలో తెలిసిన మనిషి కాబట్టే రెండు పనులూ చేయగలిగాడు.

మన దగ్గరా అంతే. అనసూయ న్యూస్ రీడర్‌గా మొదలై, కామెడీ షో యాంకర్‌గా పేరు తెచ్చుకుని, 2018లో 'రంగస్థలం'లో రంగమ్మత్తగా నటించింది. ఆ పాత్రలో టీవీ యాంకర్ ఎక్కడా కనిపించదు. ఝాన్సీ యాంకరింగ్ చేస్తూనే నటిగా నిలబడింది. మన విశాఖలోనే పెరిగిన రష్మి కూడా టీవీ నుంచి హీరోయిన్ పాత్రలకు వెళ్లింది. ఇక గొంతు నుంచి తెర మీదకు వచ్చినవాళ్లంటే సాయికుమార్, ఆయన తమ్ముడు రవిశంకర్. ఒకప్పుడు సుమన్, రాజశేఖర్ సినిమాల్లో మనం విన్న గొంతు సాయికుమార్‌ది. 'అరుంధతి'లో పశుపతికి డబ్బింగ్ చెప్పిన రవిశంకర్, ఆ తర్వాత కన్నడంలో విలన్‌గా పెద్ద పేరు తెచ్చుకున్నాడు. వీళ్ల గొంతులు గొప్పవే, కాదనను. కానీ గొప్ప గొంతున్నవాళ్లు మన ఊళ్లో వీధికొకరుంటారు. వీళ్లను నిలబెట్టింది మాత్రం, ఎవరో రాసిన మాటను ఆ మనిషే అప్పుడే అనుకుని అన్నట్టు పలకడం.

అది మీ అమ్మాయికి వస్తుందో లేదో మీరే ఇంట్లో చూడొచ్చు. ఈ రెండు వాక్యాలు కాగితం మీద రాసి ఇవ్వండి: "అమ్మ ఫోన్ చేసింది. నాన్నని హాస్పిటల్లో చేర్చారట." మీరు కళ్లు మూసుకుని కూర్చోండి. ఒకసారి చిన్న తమ్ముడికి, వాడు భయపడకుండా చెబుతున్నట్టు చెప్పమనండి. ఇంకోసారి సెలవు కోసం మేనేజర్‌కి. మరోసారి, ఇంట్లో చాలాకాలంగా మాటల్లేని అన్నయ్యకి. వరస ముందుగా మీకు చెప్పకూడదు. ఏది ఎవరితో చెబుతోందో మీరు పోల్చుకోగలిగితే ఆమెలో నటి ఉంది. మూడూ ఒకేలా, ప్రతి వాక్యం చివర గొంతు పైకి లేస్తూ వినిపిస్తే అది యాంకరింగ్ అలవాటు. కంగారు పడకండి, చాలామందికి మొదట అలాగే ఉంటుంది. గేమ్ షోలో వందమందిని ఒకేసారి పలకరించాలి, ఎక్కడా మౌనం రానివ్వకూడదు. మైకు ముందు నటనలో ఎదురుగా ఉండేది ఒక్క మనిషి, మాటకీ మాటకీ మధ్య ఆగడం కూడా నటనే. ఆకాశవాణి నాటకాల్లో శారదా శ్రీనివాసన్ గారి పాత రికార్డింగులు దొరికితే ఇద్దరూ కలిసి వినండి. ఆవిడ ఒక్క నిట్టూర్పుతో ఎంత చెబుతారో వింటే నేను ఇంత రాయక్కర్లేదు.

డబ్బింగ్‌లో దీనికి తోడు లెక్క కూడా ఉంటుంది. చెవులకు హెడ్‌ఫోన్లు, ఎదురుగా తెర మీద సీన్. రెండు మూడుసార్లు చూపించి టేక్ అంటారు. నటి పెదాలు ఎక్కడ కలుస్తాయో అక్కడ ప, బ, మ లాంటి అక్షరం పడాలి. ఆమె ఊపిరి తీస్తే ఈమె తీయాలి, ఆమె నోట్లో ముద్ద ఉంటే ఈమె మాటలోనూ ముద్ద వినిపించాలి. కొత్తగా వెళ్లినవాళ్లకు హీరోయిన్ గొంతు ఇవ్వరు. గుంపులో అరుపులు, పక్కింటావిడ, ఆస్పత్రిలో నర్సు, రెండు మాటల పనిమనిషి, ఇలాంటివే వస్తాయి. ఒక్క రోజులో పదిమంది మనుషులుగా మారాల్సిన పని అది. అందులోనే చెయ్యి తిరుగుతుంది.

యాస గురించి మీరు అడిగింది నాకు చాలా ముఖ్యంగా అనిపించింది. దయచేసి ఆ యాసను పోగొట్టించకండి. వార్తలకు, ప్రకటనలకు వాడుక ప్రామాణిక భాష రావాలి, శ-స-ష తేడాలు, ఒత్తులు పక్కాగా పలకాలి. అది సాధనతో వస్తుంది. కానీ ఉత్తరాంధ్ర మాట పుట్టుకతో వచ్చినవాళ్ల గొంతు, దాన్ని పైపైన నేర్చుకున్నవాళ్ల గొంతు పక్కపక్కన పెడితే మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు క్షణంలో పట్టేస్తారు. సుమ పుట్టుకతో మలయాళీ. 2022లో శ్రీకాకుళం పల్లె కథ 'జయమ్మ పంచాయతీ'లో నటించడానికి ఆవిడ ఈ యాసను పని కట్టుకుని సాధించాల్సి వచ్చింది. మీ అమ్మాయికి అది అమ్మమ్మ దగ్గర్నుంచే వచ్చింది. ప్రామాణిక భాష, యాస రెండూ చేతిలో ఉండాలి, అడిగినప్పుడు అడిగినది తీయాలి.

ఇప్పుడే హైదరాబాద్ వద్దు. సినిమాలకు, సీరియళ్లకు, ఓటీటీకి తెలుగు డబ్బింగ్ ఎక్కువగా జరిగేది అక్కడే, సినిమా డబ్బింగ్‌కి అక్కడ యూనియన్ సభ్యత్వం వ్యవహారం కూడా ఉంది. కానీ చేతిలో ఏమీ లేకుండా వెళ్లి హాస్టల్ అద్దె కట్టుకుంటూ స్టూడియోల చుట్టూ తిరిగితే ఆర్నెల్లలో మనసు విరిగిపోతుంది. నేర్చుకోవడానికి విశాఖలో ఉన్నవి తక్కువేం కాదు. సిరిపురంలో ఆకాశవాణి కేంద్రం ఉంది. 15 నుంచి 30 ఏళ్ల లోపు యువతకు ఆకాశవాణిలో 'యువవాణి' అనే కార్యక్రమం ఉంటుంది. మొదటి మెట్టుగా నేను ఎప్పుడూ చెప్పేది అదే. ఆ తర్వాత క్యాజువల్ అనౌన్సర్ల కోసం ప్రకటన పడినప్పుడు దరఖాస్తు చేయాలి. రాతపరీక్ష, గొంతు పరీక్ష, ఇంటర్వ్యూ ఉంటాయి. ఎంపికైనా నెలకు కొన్ని డ్యూటీలే ఇస్తారు, దాన్ని ఉద్యోగం అనుకోవద్దు. రేడియో నాటక కళాకారులకు వేరే ఆడిషన్ ఉంటుంది, బి గ్రేడ్‌తో మొదలై బి హై, ఎ, టాప్ దాకా ఎదగొచ్చు. గ్రేడ్ ఉన్న కళాకారిణి అంటే ఎక్కడికి వెళ్లినా విలువుంటుంది.

నటన సంగతికొస్తే, ఆంధ్రా యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్ విభాగం ఉంది. పవన్ కల్యాణ్, ప్రభాస్ లాంటివాళ్లకు నటన నేర్పిన సత్యానంద్ గారు విశాఖ నుంచే పేరు తెచ్చుకున్నారు. ఫీజు కట్టే కోర్సు దేనిలోనైనా చేరే ముందు, ఒక ఏడాది నాటక సమాజంతో తిరగనివ్వండి. కళాభారతిలోనో, గురజాడ కళాక్షేత్రంలోనో నాటకం ఉందంటే మీరూ వెంట వెళ్లండి. మైకు లేకుండా చివరి వరస దాకా మాట వినిపించడం నేర్చుకున్న గొంతు, మైకు ముందు చాలా తేలిగ్గా పనిచేస్తుంది.

ఇంట్లో నమూనా రికార్డింగ్ కూడా తయారు చేసుకోవాలి. ఖరీదైన మైకు కొనమంటే ఇప్పుడే కొనకండి. బట్టలు నిండుగా ఉన్న బీరువా తలుపులు తెరిచి, దానికి ఎదురుగా కూర్చుని, ఫ్యాన్ ఆపేసి, ఫోన్‌ను నోటికి జానెడు దూరంలో కాస్త పక్కకు పెట్టి రికార్డ్ చేయమనండి. సూటిగా పెడితే ప, భ అన్నప్పుడల్లా గాలి కొట్టి బుస్సుమంటుంది. మన ఊరి ఉక్కలో ఫ్యాన్ లేకుండా కష్టమే, తెల్లవారుజామున చేసుకుంటే ట్రాఫిక్ చప్పుడూ ఉండదు. ఒక ప్రకటన, ఒక కథ భాగం, ఒక వార్త, రెండు పాత్రల సంభాషణ, అన్నీ కలిపి రెండు నిమిషాలు మించకూడదు. వినేవాళ్లు మొదటి పది సెకన్లలోనే తేల్చుకుంటారు, కాబట్టి బాగా వచ్చింది ముందు పెట్టాలి. వెనకాల మ్యూజిక్ అస్సలు వద్దు.

డబ్బు విషయం దాచను. మొదటి రెండు మూడేళ్లు దీని మీదే ఇల్లు గడవదు. లోకల్ షాపుల ప్రకటనలు, ఫ్యాక్టరీల్లో చూపించే సేఫ్టీ వీడియోలు, పిల్లల పాఠాల వీడియోలు, కుకు ఎఫ్ఎం, పాకెట్ ఎఫ్ఎం లాంటి యాప్‌లలో తెలుగు కథలు, ఇలా చిన్న చిన్నవి కలిస్తేనే ఒక ఆదాయం అవుతుంది. అందుకే బీకాం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పూర్తి చేయాలి. బిల్లు రాయడం, ఒప్పందం చదవడం, పన్ను లెక్క చూసుకోవడం తెలిసిన ఆర్టిస్టును ఎవరూ తేలిగ్గా మోసం చేయలేరు. బ్యాంకు పరీక్షలు కూడా రాయనివ్వండి, కానీ గొంతు సాధన ఆపాలనే షరతు పెట్టకండి. రోజుకు గంట చాలు.

రెండు చోట్ల మాత్రం మీరు తండ్రిగా గట్టిగా నిలబడాలి. ఆడిషన్‌కి డబ్బు అడిగినవాళ్ల దగ్గరకు, పాత్ర ఖాయం అని చెప్పి పోర్ట్‌ఫోలియో (ఫొటోల ఆల్బమ్) పేరుతో వేలు కట్టమన్నవాళ్ల దగ్గరకు పంపవద్దు. రెండోది ఈమధ్య వచ్చిన ప్రమాదం. ఏవేవో వాక్యాలు వందలకొద్దీ చదివించి రికార్డ్ చేయించుకుని, ఆ గొంతుతో ఏఐ గొంతు తయారు చేసుకునేవాళ్లున్నారు. రికార్డింగ్ దేనికి, ఎంతకాలం, ఏఐకి వాడతారా లేదా అన్నది కాగితం మీద లేకుండా ఒక్క వాక్యం కూడా చదవవద్దని చెప్పండి. ఒకసారి ఇచ్చేసిన గొంతును వెనక్కి తెచ్చుకోవడం చాలా కష్టం.

ఇంకొకటి, ఇది అన్నింటికంటే ముందు చూడాల్సింది. గేమ్ షోల్లో, ఓపెనింగుల్లో గంటలకొద్దీ అరిచి ఇంటికొచ్చాక ఆమె గొంతు బొంగురుపోతోందా? మర్నాటికి సర్దుకుంటే ఆ రోజు మాటలు తగ్గించి, నీళ్లు ఎక్కువ తాగితే చాలు. రెండు మూడు వారాలైనా బొంగురు తగ్గకపోతే మిరియాల కషాయాలతో కాలం గడపకండి, స్వరపేటికలో బుడిపెలు వచ్చి ఉండొచ్చు. పెదవాల్తేరులో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది, తీసుకెళ్లి చూపించండి. డాక్టర్ విశ్రాంతి అంటే, ఒప్పుకున్న ఈవెంట్ ఉన్నా సరే, మానిపించండి.