ఔట్‌బోర్డ్ ఇంజన్ కొనేముందు ఉప్పు ఎక్కడ దాక్కుందో చూడు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

పడవ వెనక తగిలించే ఆ పాత ఔట్‌బోర్డ్ ఇంజన్ కొందామని నువ్వు పంపిన ఫొటోలు చూశాను. ఇంజన్ పెళ్లికొడుకులా మెరిసిపోతోంది. నాకు అనుమానం వచ్చింది కూడా అక్కడే. కొన్నేళ్లు సముద్రంలో తిరిగిన ఇంజన్‌కి గీతలుంటాయి, రంగు అక్కడక్కడా వెలిసిపోతుంది. అందులో తప్పేమీ లేదు. అమ్మేముందు పనిగట్టుకుని పెయింట్ కొట్టించారంటే మాత్రం, దాని కింద ఏముందో మనమే గీకి చూసుకోవాలి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో చేపల వేట నిషేధం కదా. వేటకెళ్లేవాళ్లు ఖాళీగా ఉంటారు కాబట్టి బేరాలూ ఈ 61 రోజుల్లోనే నడుస్తాయి. కానీ ఇంజన్ పాడైపోయేదీ ఈ రోజుల్లోనే. చివరి వేట నుంచి వచ్చి, లోపల మంచినీళ్లు తిప్పకుండా ఒడ్డున పడేస్తే నీళ్లు ఆరిపోతాయి, ఉప్పు మిగిలిపోతుంది. అది గాలిలోని తేమను లాక్కుంటూ అల్యూమినియాన్ని లోపల్నుంచి తినేస్తుంది. రోజూ వేటకెళ్లి, రాగానే పది పదిహేను నిమిషాలు మంచినీళ్లు తిప్పిన పాత ఇంజన్ కన్నా, కడక్కుండా రెండు వేసవులు పడున్న కొత్త ఇంజనే ప్రమాదం. అందుకే ఎన్నేళ్లదని అడిగే ముందు, ఏ నీళ్లతో కడిగేవారని అడుగు. బోరు నీళ్లు అన్నాడనుకో, ఆ నీళ్లు ఒక గుక్క నోట్లో వేసుకుని చూడు. తీరం పొడవునా చాలా బోర్లు ఉప్పగానే ఉంటాయి. వాటితో కడిగినా ఒకటే, మానేసినా ఒకటే.

ఇంజన్ అమ్ముతున్న యానాం ఆయన "సముద్రం మొహం చూడలేదండీ, గోదావరిలోనే తిప్పాం" అన్నాడని రాశావు. ధవళేశ్వరం ఆనకట్ట పైన, పాపికొండల వైపు తిరిగిన ఇంజన్ అయితే ఆ మాటకు విలువుంది. యానాం దగ్గర గౌతమికి పోటూ పాటూ ఉన్నాయి. ఎండాకాలంలో పైనుంచి నీళ్లు తగ్గేసరికి సముద్రపు నీరు ఏట్లోకి ఎక్కుతుంది. కాబట్టి ఆ మాటకి ధర పెంచకు. అది సముద్రంలో తిరిగిన ఇంజనే అనుకుని చూడు.

వెళ్లేటప్పుడు ఒక టార్చి, స్క్రూడ్రైవర్, ప్లగ్ స్పానర్, ఇనుప బ్రష్, పాత గుడ్డ, గాజు గ్లాసు పట్టుకెళ్లు. ముందు టాప్ కవర్ తీయించు. సిలిండర్ హెడ్ బోల్టుల చుట్టూ, థర్మోస్టాట్ మూత అంచున, కార్బురేటర్ కింద తెల్లటి పొడి కనిపిస్తుంది. వేలు తడి చేసి దాన్ని రుద్దు. కరిగిపోతే అది పైన పేరుకున్న ఉప్పు. కడిగితే పోయేదే, భయం లేదు. కరక్కుండా వేలి కింద గరగరలాడుతూ ఉండిపోతే మాత్రం అది లోహమే పొడైపోయింది. ఆ పొడి తుడిచేసి, అడుగున గుంటలు పడ్డాయేమో టార్చి వేసి చూడు. హెడ్ అంచుల్లో గుంటలు పడితే నీళ్లు సిలిండర్‌లోకి దారి చేసుకుంటాయి. హెడ్ బోల్టుల్లో ఒకటి కొత్తగా, మిగతావి పాతగా ఉంటే ఎప్పుడో ఒకటి విరిగిందన్నమాట. అల్యూమినియంలో బిగిసిపోయిన స్టీల్ బోల్టును విరక్కుండా తీయడం మంచి మెకానిక్‌కే కష్టం. ఎందుకు మార్చారో అడుగు.

అక్కడే వైర్లూ చూడు. కనెక్షన్ల దగ్గర పచ్చగా చిలుము పడితే ఫరవాలేదు, మార్చుకోవచ్చు. ఫ్లైవీల్ కింద మూలల్లో సన్నటి ఇసుక, బురద మరక ఉంటే ఊరుకోకు. ఇంజన్ ఎప్పుడో అలలో బోల్తాపడి మునిగిందేమో సూటిగా అడుగు. ఉప్పునీళ్లలో మునిగిన ఇంజన్‌ని వెంటనే విప్పి శుభ్రం చేయకపోతే క్రాంక్ బేరింగ్‌లు తుప్పుపడతాయి. అది బయటికి కనపడదు, సముద్రం మధ్యలో తెలుస్తుంది.

ఇప్పుడు కిందికి రా. కింది భాగంలో, బ్రాకెట్ దగ్గరో ప్రొపెల్లర్ పైనో, జింకు ముక్క ఉంటుంది. ఇంజన్‌ని తినాల్సిన ఉప్పునీరు ముందు దాన్ని తింటుంది. దాని పని అరిగిపోవడమే. సగం అరిగి, గరుకుగా ఉంటే మంచిది, అది పని చేస్తోంది. పూర్తిగా అరిగి బోల్టు మాత్రమే మిగిలితే, ఆ తర్వాత నుంచి కింద గేర్లుండే గేర్ కేసునే తింటూ వచ్చిందన్నమాట. ఇక పాత ఇంజన్‌కి కొత్తగా, నున్నగా ఉన్న జింకు కనిపిస్తే రెండే సంగతులు. నిన్ననే మార్చి ఉండాలి, లేదా దానికీ ఇంజన్‌కీ లోహంతో లోహం తగలడం లేదు. మధ్యలో పెయింటో చిలుమో అడ్డం ఉంటే జింకు ఉన్నా లేనట్టే. కొంతమంది అందం కోసం జింకు మీద కూడా పెయింట్ కొట్టేస్తారు! అలాంటిది చూస్తే ఈ ఇంజన్‌ని ఎవరు చూసుకున్నారో నీకు అర్థమైపోతుంది.

గేర్ కేసు మీద పెయింట్ ఎక్కడైనా బుడగలా ఉబ్బిందేమో చేత్తో తడుము. ఉబ్బితే స్క్రూడ్రైవర్ మొనతో మెల్లగా నొక్కు. అమ్మేవాళ్లు గుంటల్లో ఎంసీల్, అంటే గట్టిపడే అతుకు ముద్ద, కుక్కి పైన పెయింట్ కొట్టడం మామూలే. స్క్రూడ్రైవర్ పిడితో తట్టుకుంటూ వెళ్తే అల్యూమినియం ఖంగుమంటుంది, ఎంసీల్ పెట్టిన చోట మొద్దుగా మోగుతుంది. ప్రొపెల్లర్ షాఫ్ట్ సీల్ కూర్చునే చోటా, నీళ్లు పీల్చే జల్లెడ చుట్టూ ఇలాంటి అతుకు దొరికితే బేరం అక్కడే ఆపెయ్. మిగతా చోట్ల చిన్న చిన్న గుంటలుంటే ధర తగ్గించమని అడుగు.

ప్రొపెల్లర్ ఊడదీయించు. దీనికి ఒప్పుకోకపోతే కొనొద్దు. వెనక షాఫ్ట్‌కి తెగిన వల నైలాన్ దారం చుట్టుకుని ఉంటుంది, మన తీరంలో ఇది మామూలు సంగతి. ఆ దారమే సీల్‌ని కోసేస్తుంది, ఉప్పునీళ్లు గేర్లలోకి వెళ్తాయి. దాన్ని పట్టుకోవడానికే గ్లాసు. ఇంజన్ రాత్రంతా నిలువుగా ఉన్న తర్వాత, పొద్దున్నే గేర్ ఆయిల్ కింది స్క్రూ కొద్దిగా వదులు చేసి గ్లాసులో పట్టు. నీళ్లు బరువు కాబట్టి, లోపల ఉంటే ముందు అవే వస్తాయి. ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో వస్తే నీళ్లు చాలాకాలంగా కలుస్తున్నాయి. సీల్ మార్చితే సరిపోతుందనుకోకు, గేర్లూ బేరింగ్‌లూ తుప్పుపట్టి ఉండొచ్చు. స్క్రూ కొనకి మెత్తటి లోహపు పొడి అంటుకుంటే ఫరవాలేదు, ముక్కలు వస్తే మాత్రం వద్దు. మరీ తేటగా, కొత్త ఆయిల్ కనిపించినా సంతోషపడకు. నిన్న మార్చి ఉండొచ్చు. అరగంట నీళ్లలో నడిపించి మళ్లీ చూడు.

హ్యాండిల్ పట్టుకుని రెండు వైపులా తిప్పు, ఇంజన్ పైకి లేపి దించు. బిగుసుకుపోయి ఉంటే గ్రీజు లేకపోవడంతో, ఇంజన్ తిరిగే గొట్టం లోపల ఉప్పు పట్టేసింది. "గ్రీజు కొడితే సరిపోద్దండీ" అంటారు. అలాగైతే మన ముందే కొట్టి చూపించమను. పట్టేసిన గొట్టాన్ని వేడిచేసి, సుత్తితో కొట్టి విడదీయాలి, అందులో బ్రాకెట్ విరిగినా విరగొచ్చు.

ప్లగ్గులు రెండూ తీసి పక్కపక్కన పెట్టు. ఇది రెండు సిలిండర్ల టూ స్ట్రోక్ ఇంజన్, పెట్రోల్‌తో పాటు ఆయిల్ కూడా కాలుతుంది కాబట్టి రెండూ కాస్త నల్లగా, జిడ్డుగా ఉండాలి. ఒకటి అలా ఉండి, రెండోది తోమినట్టు శుభ్రంగా ఉంటే ఆ సిలిండర్‌లోకి నీళ్లు వస్తున్నాయని అనుమానించు. సిలిండర్ లోపలి ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజ్ ఉన్న మెకానిక్‌ని ఒక పూట మాట్లాడుకో. రెండు సిలిండర్ల మధ్య పది శాతానికి మించి తేడా ఉంటే కారణం తేలేదాకా డబ్బు ఇవ్వకు.

చివరికి డ్రమ్ములో మంచినీళ్లు పోసి నడిపించి చూడు. నీళ్లు లేకుండా ఒక్క నిమిషం కూడా తిప్పనివ్వకు, పంపు రబ్బరు కాలిపోతుంది. వెనక నుంచి వచ్చే నీళ్ల ధార తెగకుండా, గట్టిగా రావాలి. ధార సన్నగా ఉంటే ముందు ఆ రంధ్రంలో సన్నటి తీగ పెట్టి పొడువు, ఒక్కోసారి ఇసుకే అడ్డం ఉంటుంది. అప్పటికీ రాకపోతే పంపు రబ్బరు అరిగిందో, దారుల్లో ఉప్పు గడ్డకట్టిందో. పంపు రబ్బరు, థర్మోస్టాట్, జింకు, సీల్ ఇవన్నీ మార్చుకోగలిగినవే, వాటి ఖర్చు ధరలో తగ్గించుకో. బ్లాకూ, గేర్ కేసూ తిన్నవి మాత్రం ఎంత తక్కువకిచ్చినా తీసుకోకు.

బ్రాకెట్ మీది నంబర్ ఫొటో తీసుకో. అదే నంబర్ రాసిన రసీదు లేకుండా అడ్వాన్స్ ఇవ్వకు. సబ్సిడీలో వచ్చిన ఇంజన్ అయితే అమ్మడానికి షరతులేమైనా ఉన్నాయేమో మత్స్యశాఖ ఆఫీసులో కనుక్కో.

ఒక్క మాట మర్చిపోకు. ఆదివారం వస్తున్నామని ఆయనకు ముందే ఫోన్ చేసి, మేమొచ్చేదాకా ఇంజన్ స్టార్ట్ చేయొద్దని చెప్పు. వెళ్లగానే కవర్ మీద చెయ్యి పెట్టి చూడు. వేడిగా ఉంటే, చల్లటి ఇంజన్ తాడు ఎన్నిసార్లు లాగితే స్టార్ట్ అవుతుందో నీకు తెలియనివ్వకూడదనుకున్నాడని అర్థం. టీ తాగి, అది చల్లారేదాకా అక్కడే కూర్చో.

ఇట్లు,
మీ మామయ్య