పట్టిక ఒక్కరి చేతిలోనే ఉండాలి

నలుగురు స్నేహితులు కలిసి పోకెమాన్ తరహాలో, జీవులను పట్టి పెంచే ఫ్యాన్ గేమ్ (అభిమానులు సొంతంగా చేసుకునే వీడియో ఆట) ఒకటి తయారుచేయదలచామనీ, పనిని ఎలా పంచుకోవాలో చెప్పమనీ మీరు అడిగారు. కథ ఎవరు రాయాలి, బొమ్మలు ఎవరు వేయాలి అన్నవి పెద్ద చిక్కులు కావు. జీవుల సంఖ్యలు, పేర్లు, వివరాలు రాసుకునే పట్టిక ఎవరి చేతిలో ఉండాలన్నదే అసలు చిక్కు.

2015లో కడపలో ఇంజనీరింగ్ చదువుతున్నప్పుడు మేము ఐదుగురం ఇదే పనికి పూనుకున్నాం. లంకమల ప్రాంతంలో 1986లో మళ్ళీ కనిపించిన అరుదైన పక్షి కలివికోడి, తిరుమల పునుగుపిల్లి, కొల్లేటి గూడబాతు వంటివాటి ఆధారంగా సొంత జీవులను కల్పించాలన్నది మా సంకల్పం. 1996 నాటి మొదటి పోకెమాన్ ఆటలో 151 జీవులున్నాయి కనుక మాకూ 151 ఉండి తీరాలని మొదటి రోజే తీర్మానించాం. ఒక్కో జీవికి ముందు బొమ్మ, వెనుక బొమ్మ కలిపితేనే 302 అవుతాయన్న లెక్క మాత్రం ఎవరూ వేయలేదు.

మేము వాడినవి ఆటలు తయారుచేసే ఆర్పీజీ మేకర్ ఎక్స్‌పీ అనే సాఫ్ట్‌వేర్, దానిపై నడిచే, పోకెమాన్ తరహా ఆటలకు పునాదిగా పనికొచ్చే పోకెమాన్ ఎసెన్షియల్స్. ఆ రోజుల్లో అందులో బొమ్మ ఫైలుకు జీవి సంఖ్యనే పేరుగా పెట్టేవాళ్ళం. సంక్రాంతి సెలవులకు అందరం పట్టికను తలా ఒక ప్రతి తీసుకుని ఊళ్ళకు వెళ్ళాం. కలివికోడి ఎదిగాక పొందే రూపానికి నేను 47వ సంఖ్య ఇచ్చాను. అదే వారంలో మచిలీపట్నం మిత్రుడు తన పీతకు అదే సంఖ్య ఇచ్చాడు. తిరిగి వచ్చిన రాత్రి హాస్టల్లో పెన్‌డ్రైవ్‌ల నుంచి ఫైళ్ళు ఎక్కిస్తుంటే, ఈ పేరుతో ఇప్పటికే ఒక ఫైలు ఉందని కంప్యూటర్ హెచ్చరించింది. నిద్రమత్తులో ‘అవును’ నొక్కింది నేనే.

మరునాడు జూనియర్ల ముందు ఆట పెట్టాం. పదహారో స్థాయికి చేరిన కలివికోడి తెల్లగా వెలిగి, సంగీతం మోగి, రూపం మారాల్సిన చోట డెక్కలు పైకెత్తిన ఎర్రటి పీత ప్రత్యక్షమైంది. దాని వివరణలో మాత్రం ‘ముళ్ళపొదల మధ్య రాత్రివేళ తిరిగే పక్షి’ అని ఉంది. పీతకు ఇంకా వెనుక బొమ్మ వేయలేదు కాబట్టి, తరువాతి పోరులో వెనుక నుంచి చూస్తే అది మళ్ళీ కోడే! జూనియర్లు దాన్ని హాస్యమనుకుని చప్పట్లు కొట్టారు. పోయిన బొమ్మకు వేరే ప్రతి లేదు. దాన్ని గీసిన మిత్రుడు రెండు వారాల పాటు నాతో మాట్లాడలేదు.

అందుకే చెబుతున్నాను: సంఖ్యలు, పేర్లు, రూపం మారే స్థాయిలు ఒక్కరే నమోదు చేయాలి, మిగిలినవారు అడిగి పుచ్చుకోవాలి. మ్యాపులకూ ఇదే నియమం వర్తిస్తుంది, ఎందుకంటే వాటి ఫైళ్ళు మామూలు పాఠ్యం కావు, ఇద్దరు మార్చినవాటిని తరువాత కలపడం దాదాపు అసాధ్యం. ‘ఆలోచనలు మాత్రమే ఇస్తాను’ అనే సభ్యుణ్ణి మొదటే సాగనంపండి. మా ఐదోవాడు ఏడాదిలో ఇచ్చినది ఒక లోగో, జీవులకు నిప్పు, నీరు వంటి పద్దెనిమిది రకాలు చాలవన్న ఫిర్యాదు. ఆ పద్దెనిమిదికే ఏ రకంపై ఏది నెగ్గుతుందో తేల్చడానికి 324 గడులు నింపాలని అతనికి చెప్పినా వినలేదు.

ఇక, పేరు ముందే చాటుకోకండి. తొమ్మిదేళ్ళు శ్రమించి చేసిన పోకెమాన్ యురేనియం అనే ఫ్యాన్ గేమ్ 2016 ఆగస్టులో విడుదలై పదిహేను లక్షలకు పైగా డౌన్‌లోడ్లు అయ్యాక, హక్కుల నోటీసులతో దాని లంకెలను తయారీదారులే తొలగించారు. అదే ఏడాది డిసెంబరులో ఎనిమిదేళ్ళ శ్రమ అయిన పోకెమాన్ ప్రిజమ్ అనే మరో ఫ్యాన్ గేమ్ కూడా అలాంటి నోటీసుతోనే విడుదలకు కొద్ది రోజుల ముందే ఆగిపోయింది. ఆ వార్తలు చూసి మేము పోకెమాన్ పేరునూ, అసలు జీవులనూ పూర్తిగా తీసేసి, 151ని ఎనిమిదికి కుదించాం. ఒక ఊరు, ఒక అడవి, ఒక గుహ. ఆడితే ముప్పావు గంట పడుతుంది. పట్టిక ఇప్పుడు ఆ మచిలీపట్నం మిత్రుని దగ్గర ఉంది, నాకు దాన్ని చదివే అనుమతి మాత్రమే ఇచ్చాడు.