వాల్-ఈ నెత్తిన పడ్డ ఆ గోళం ఏమిటి?

ప్రశ్న: మా బాబుకి ఏడేళ్లు. 'వాల్-ఈ' సినిమా అంటే పిచ్చి. రాకెట్ భూమి దాటి వెళ్లేటప్పుడు ఆ చెత్త ఏరే రోబో నెత్తిమీద, పొడవాటి కడ్డీలున్న గుండ్రటి వస్తువు ఒకటి వచ్చి పడుతుంది. అదేమిటని ఒకటే గొడవ. నాకు తెలిస్తే కదా చెప్పడానికి! ఇలాంటివి ఇంకా ఏమైనా దాచిపెట్టారా? (ఒక తల్లి, రాజమండ్రి)

జవాబు: మీవాడు భలే గమనించాడండీ. అది స్పుత్నిక్-1. 1957 అక్టోబర్ 4న సోవియట్ యూనియన్ పంపింది, మనిషి కక్ష్యలో పెట్టిన మొట్టమొదటి ఉపగ్రహం అదే. 58 సెంటీమీటర్ల గోళం, నాలుగు యాంటెన్నాలు, బరువు 84 కిలోలకు కాస్త తక్కువ. కాకపోతే అసలు స్పుత్నిక్ ఇప్పుడు పైన లేదని కూడా బాబుకి చెప్పండి. అది తిరిగిన ఎత్తు తక్కువ కావడంతో, అక్కడున్న ఆ కొద్దిపాటి గాలి రాపిడికే వేగం తగ్గి కిందికి దిగి, మూడు నెలలకే, అంటే 1958 జనవరిలో కాలిపోయింది. అలాంటిది, ఇప్పటికి కొన్ని వందల ఏళ్ల తర్వాత జరిగే కథలో అక్కడ ఉండే అవకాశమే లేదు. అయినా పెట్టారంటే, నాకు అర్థమైనంతవరకు, మనం గొప్పగా పైకి పంపిన మొదటి వస్తువు కూడా చివరికి ఆ చెత్తకుప్పలో కలిసిపోయిందని చూపించడానికే. ఇంకాస్త ఎత్తున తిరిగేవి మాత్రం నిజంగానే మిగిలాయి. 1958 మార్చిలో అమెరికా పంపిన వాన్‌గార్డ్-1 అనే చిన్న గోళం, రేడియో ఎప్పుడో మూగబోయినా, ఈరోజుకీ భూమి చుట్టూ తిరుగుతూనే ఉంది.

ఆ సినిమాలో ఇంకా చాలా ఉన్నాయి. మనుషులు ఉండే అంతరిక్ష ఓడను నడిపే చక్రం మధ్యలో ఎర్రటి కన్ను చూశారా? అది 1968లో వచ్చిన '2001: ఎ స్పేస్ ఒడిస్సీ' సినిమాలోని హాల్ అనే కంప్యూటర్ కన్నుని గుర్తుచేయడానికే. కెప్టెన్ తన కాళ్ల మీద తను లేచి నిలబడినప్పుడు వచ్చే సంగీతం కూడా ఆ సినిమాలో వినిపించేదే. ఓడ కంప్యూటర్‌కు గొంతు ఇచ్చింది 'ఏలియన్' హీరోయిన్ సిగోర్నీ వీవర్. ఇవన్నీ సినిమా పిచ్చి ఉన్నవాళ్లకు సరదా. నాకు వీటన్నిటికంటే నచ్చింది ఎముకల సంగతి. భారం తెలియని చోట ఉండడం వల్ల ప్రయాణికుల ఎముకలు కాస్త అరిగి ఉండొచ్చని ఓడలో చెప్తారు, పిల్లలు అది విని నవ్వేసి వదిలేస్తారు. కానీ అది అక్షరాలా నిజం, అంతరిక్ష కేంద్రంలో ఉండేవాళ్లకు తుంటి ఎముక సాంద్రత నెలకు ఒకటి, ఒకటిన్నర శాతం దాకా తగ్గుతుంది, అందుకే వాళ్లు రోజూ రెండు గంటల దాకా వ్యాయామానికి కేటాయిస్తారు.

బాబుకి స్పుత్నిక్ అంత నచ్చితే 'ది ఐరన్ జెయింట్' (1999) చూపించండి. కథ 1957 అక్టోబర్‌లోనే మొదలవుతుంది, మొదట కనిపించేది కూడా కక్ష్యలో తిరుగుతున్న స్పుత్నికే. రష్యావాళ్లు మన నెత్తిమీద తిరుగుతున్నారన్న టెన్షన్ అప్పటి అమెరికాలో ఎంత ఉండేదో తెలిస్తే, ఆకాశం నుంచి ఊడిపడ్డ ఆ ఇనుప రోబోని చూసి ఊరంతా ఎందుకంత వణికిపోయిందో అర్థమవుతుంది. అందుకని సినిమా మొదలుపెట్టే ముందు ఆ ఒక్క ముక్క చెప్పండి చాలు.

ప్రశ్న: 'టాయ్ స్టోరీ'లో బజ్ లైట్‌ఇయర్ పేరు నిజం వ్యోమగామిదని మా అన్నయ్య అంటున్నాడు. నిజమేనా? (ఇంటర్ విద్యార్థి, కరీంనగర్)

జవాబు: మీ అన్నయ్య చెప్పింది కరెక్టే. 1969 జులైలో అపోలో-11లో వెళ్లి, ఆర్మ్‌స్ట్రాంగ్ తర్వాత చంద్రుడి మీద అడుగుపెట్టిన బజ్ ఆల్డ్రిన్ పేరే అది. ముందు ఆ బొమ్మకి లూనార్ లారీ అని పెట్టుకున్నారు, తర్వాత మార్చారు. ఈసారి చూసేటప్పుడు హెల్మెట్ లోపల తలకు అతుక్కున్నట్టుండే ఊదారంగు టోపీ గమనించు. నిజం వ్యోమగాములు కూడా మైకు, ఇయర్‌ఫోన్లు అమర్చిన గుడ్డ టోపీ అలాగే తలకు బిగించుకుంటారు. ఇంకో విశేషం, ఆ బొమ్మ నిజంగానే అంతరిక్షానికి వెళ్లొచ్చింది! 2008 మే 31న డిస్కవరీ షటిల్‌లో బయల్దేరి, ఏడాదికి పైగా అంతరిక్ష కేంద్రంలో ఉండి, 2009 సెప్టెంబర్‌లో తిరిగొచ్చింది. తర్వాత దాన్ని వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియానికి ఇచ్చేశారు.

ఆల్డ్రిన్‌నే చూడాలనుంటే 'ఫ్లై మీ టు ద మూన్' (2008) వెతుక్కో. మూడు ఈగలు దొంగతనంగా అపోలో-11 ఎక్కేస్తాయి, అదీ కథ. సినిమాగా మరీ గొప్పదేం కాదు, కానీ అందులో ఆల్డ్రిన్ పాత్రకు గొంతు ఆయనదే, చివర్లో ఆయనే స్వయంగా తెరమీదికి వచ్చి, ఆ రోజు మా నౌకలో ఈగలేవీ లేవని పిల్లలకు చెప్తాడు.