పాటల ముచ్చట: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: ‘ఒక వేణువు వినిపించెను’ పాడింది బాలు గారే అని మా ఇంట్లో అందరూ అంటారు, నేనొక్కదాన్నే కాదంటున్నా. తేల్చండి. (ఒక పాఠకురాలు, తెనాలి)

జవాబు: మీరే కరెక్ట్ అమ్మా. అది జి. ఆనంద్ గారి పాట. 1976లో వచ్చిన అమెరికా అమ్మాయి సినిమా, మైలవరపు గోపి గారు రాశారు, జి.కె. వెంకటేష్ గారి సంగీతం. శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన మనిషి ఆనంద్ గారు, కల్పన సినిమాలో ‘దిక్కులు చూడకు రామయ్యా’ కూడా ఆయనదే. స్వరమాధురి అని సొంత ట్రూప్ పెట్టుకుని ఏళ్ల తరబడి ఊరూరా కచేరీలు చేశారు, సినిమాల్లో ఛాన్సులు తగ్గినా పాట మాత్రం ఆపలేదు. 2021 మే 6న కరోనా రెండో వేవ్‌లో పోయారు. అప్పుడు రోజూ ఎవరో ఒకరి కబురు వినాల్సి వచ్చేది కదా, ఆ గోలలో ఈయన్ని సరిగ్గా తలుచుకోలేకపోయాం, నాకు ఆ బాధ ఇంకా ఉంది. ఈసారి పల్లవి అయ్యాక కూడా ఆపకుండా చరణాలు వినండి, ఎక్కడా గొంతు పెంచడు, పక్కన కూర్చుని చెప్తున్నట్టే పాడతాడు. మీ ఇంట్లోవాళ్లకి కూడా వినిపించండి.

ప్రశ్న: వాణీ జయరాం గారి పాటలు మా పిల్లలకి పరిచయం చేయాలనుంది, దేంతో మొదలుపెట్టాలి? (ఒక పాఠకుడు, డల్లాస్)

జవాబు: శంకరాభరణం క్లైమాక్స్‌తో మొదలుపెట్టండి సార్. ‘దొరకునా ఇటువంటి సేవ’ మధ్యలో శాస్త్రి గారు ఇక పాడలేక ఆగిపోతారు, ఆ పాటని శిష్యుడు అందుకుంటాడు చూడండి, శాస్త్రి గారికి బాలు గారు పాడితే ఆ కుర్రాడి గొంతు వాణి గారిది. చాలామంది ఆ సీన్‌లో ఏడుస్తారు గానీ ఆ గొంతు ఎవరిదని అడగరు. ఆ తర్వాత స్వాతికిరణం పెట్టండి, అందులోనూ పిల్లాడికి పాడింది ఆవిడే, ‘ఆనతినీయరా హరా’ ఒక్కటి చాలు. అప్పటికి ఆవిడకి నలభై దాటింది అంటే పిల్లలు నమ్మరు. ఈ రెండు సినిమాల్లో పాటలకీ ఆవిడకి నేషనల్ అవార్డు వచ్చింది, రెంటికీ కె.వి. మహదేవన్ గారే సంగీతం, విశ్వనాథ్ గారే డైరెక్టర్. పిల్లలకి శాస్త్రీయం బరువనిపిస్తే 1975 నాటి పూజ సినిమాలో బాలు గారితో పాడిన ‘ఎన్నెన్నో జన్మల బంధం’ వినిపించండి, అది ఎవరికైనా పట్టేస్తుంది.

వేలూరులో పుట్టిన తమిళావిడ, హిందీలో 1971లో గుడ్డీ సినిమాతో పేరు తెచ్చుకున్నారు, అయినా మన మాట పలికితే ఒక్క ఒత్తు జారేది కాదు. 2023 జనవరిలో పద్మభూషణ్ ప్రకటించారు, తీసుకోకుండానే ఫిబ్రవరి 4న చెన్నైలో వెళ్లిపోయారు. దానికి రెండు రోజుల ముందే, శంకరాభరణం రిలీజైన తేదీనే, ఫిబ్రవరి 2న విశ్వనాథ్ గారు పోయారు. ఆ వారం మర్చిపోలేం.

ప్రశ్న: రాజ్-కోటి పాటల్లో ఏది రాజ్ గారిది, ఏది కోటి గారిదని ఎలా తెలుస్తుంది? (ఒక పాఠకుడు, కరీంనగర్)

జవాబు: జంటగా చేసినవాటిని విడదీయొద్దండీ. యముడికి మొగుడు, ముఠా మేస్త్రి, హలో బ్రదర్, ఇవన్నీ ఇద్దరివీ. రాజ్ గారు సంగీత దర్శకుడు టి.వి. రాజు గారబ్బాయి, కోటి గారు సాలూరి రాజేశ్వరరావు గారబ్బాయి, సంగీతం ఇద్దరికీ ఇంట్లోదే. రెహమాన్ కూడా కుర్రతనంలో వీళ్ల దగ్గర కీబోర్డ్ వాయించాడు. విడిపోయాక కోటి గారు చాలా సినిమాలు చేశారు, రాజ్ గారు తక్కువే చేశారు, అందుకే 2023 మే 21న ఆయన పోయినప్పుడు ‘రాజ్ అంటే ఎవరు’ అని కొత్త పిల్లలు అడిగారు, వాళ్ల తప్పేం లేదు, మనమే చెప్పలేదు. ఆయన ఒక్కడి పనితనం వినాలంటే 1995 నాటి సిసింద్రీ ఉంది. ‘చిన్ని తండ్రీ నిను చూడగా’ అని చిత్ర గారు పాడింది మొదట వినండి, తర్వాత ‘ఆటాడుకుందాం రా’ పెట్టండి, ఒకటి జోల, ఒకటి డాన్సు, రెండూ ఆ మనిషివే.